ఒక్క బిట్‌లో ఇమడని రంగా

మీరు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనో, అశోక్‌నగర్ గల్లీలో ఏదో స్టడీ హాల్లోనో కూర్చుని ఈ పేజీ తిప్పుతుంటే ఎన్‌.జి.రంగా పేరు మీకు కొత్త కాదు. ఎక్కడో ఒక మోడల్ పేపర్లో తగిలే ఉంటుంది. పుట్టిన ఊరు నిడుబ్రోలు, అధ్యక్షుడిగా ఉన్న పార్టీ స్వతంత్ర, ఎక్కువ కాలం పార్లమెంటు సభ్యుడిగా ఉన్నందుకు గిన్నిస్ బుక్‌లో పేరు. టిక్ పెట్టేసి తర్వాతి బిట్‌కి వెళ్లిపోతాం.

నేనూ అలాగే వెళ్లిపోయా. బీటెక్ అయ్యాక ఎనిమిది నెలలు అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి చదివా. (ఆ సంగతి నా రెజ్యూమెలో ఎక్కడా కనపడదు, అది వేరే కథ.) ఆ ఎనిమిది నెలల్లో హాస్టల్ ఫీజు రెండుసార్లు పెంచారు. రెండోసారైతే చెప్పను కూడా చెప్పలేదు, మెట్ల దగ్గర ఒక తెల్లకాగితం అంటించి ఊరుకున్నారు. ఆ సాయంత్రం నేను ఎకానమీలో లోటు ద్రవ్య విధానం చాప్టర్ చదువుతున్నా. నిర్వచనం, కమిటీల పేర్లు, సంవత్సరాలు బట్టీ కొడుతున్నా. కింద అంటించిన కాగితానికీ నా చేతిలో ఉన్న చాప్టర్‌కీ ఏదైనా చుట్టరికం ఉందేమోనని అప్పుడు తట్టలేదు. ఆ చుట్టరికం గురించే ఒక తెలుగు ఎంపీ ఏళ్ల తరబడి పార్లమెంటులో కొట్లాడారని తర్వాత్తర్వాత తెలిసింది. ఆయనే ఈ రంగా.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరులో చదువు, ఆపైన ఆక్స్‌ఫర్డ్. 1926లో అక్కడ బి.లిట్ పట్టా తీసుకుని తిరిగొచ్చి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో ఫారిన్ డిగ్రీ ఉన్నవాళ్లకి ఆ ఉద్యోగం చాలు, జీవితం సెటిల్ అయినట్టే. ఈయన మాత్రం కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్ల ఆర్థిక పరిస్థితుల మీద అధ్యయనం చేసి పుస్తకాలు రాశారు. రైతుకి ఎంత వస్తుంది, ఎంత పోతుంది, శిస్తు ఎంత, వడ్డీ ఎంత అన్న లెక్కలు అవి. ఇప్పటి భాషలో చెప్పాలంటే డేటా పట్టుకుని రాజకీయాల్లోకి వచ్చిన మనిషి. 1930లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకి ఎన్నికయ్యారు.

సరిగ్గా అప్పుడే ప్రపంచమంతా మహా మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ రైతు లెక్క చూడండి. శిస్తు రూపాయల్లో కట్టాలి, అప్పు రూపాయల్లో తీర్చాలి. ఆ రూపాయలు ధర పడినా తగ్గవు. నిరుడు పది బస్తాలు అమ్మి కట్టిన శిస్తుకి, ధర సగమైతే ఈసారి ఇరవై బస్తాలు అమ్మాలి. పొలం అదే, కష్టం అదే, శిస్తు కాగితం మీది అంకె కూడా అదే. మారింది రూపాయి విలువ ఒక్కటే. శిస్తు తగ్గించాలని, అప్పుల నుంచి ఊరట ఇవ్వాలని రంగా ఊరూరా తిరిగారు. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలో ఉన్నారు. రైతు కార్యకర్తల్ని తయారుచేయడానికి నిడుబ్రోలులో ఒక విద్యాలయం పెట్టారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడితే స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి.

పదేళ్లు తిరక్కుండానే అద్దం తిరగబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో బట్టలు, ఆహారం, సైనిక సామగ్రి భారీగా కొన్నది. ఇక్కడ రూపాయలు అచ్చువేసి చెల్లించింది, బదులుగా లండన్‌లో పౌండ్లు మన ఖాతాలో రాసుకుంది. మన దగ్గర సరుకు ఖాళీ, నోట్లు మాత్రం ఎక్కువ. ధరలు రెండింతలు దాటాయి. 1943లో బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోవడానికి ఉన్న కారణాల్లో ఈ ధరల పెరుగుదల కూడా ఒకటి. ప్రభుత్వ ఉద్యోగులకి ధరలు తట్టుకోవడానికి అదనంగా ఇచ్చే భత్యం పుట్టింది కూడా ఆ కాలంలోనే. మొదట్లో అది తిండి ఖర్చు కోసం ఇచ్చిన భత్యం. ఇవాళ మనం డీఏ అంటున్నది దానికి వారసురాలే. ఈ డీఏ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

స్వాతంత్ర్యం వచ్చాక రంగా దారి అంత సాఫీగా లేదు. 1951లో కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, 1955 ఎన్నికల నాటికి మళ్లీ కాంగ్రెస్‌తో కలిశారు, 1957లో తెనాలి నుంచి లోక్‌సభకి వెళ్లారు. అప్పుడు నడుస్తున్నది రెండో పంచవర్ష ప్రణాళిక. ప్రభుత్వ రంగంలో పెట్టదలచుకున్నది 4,800 కోట్లు. అందులో 1,200 కోట్లు, అంటే నాలుగో వంతు, లోటు ద్రవ్యం ద్వారా తేవాలని లెక్క. ఆర్థికవేత్తల బృందంలో బి.ఆర్‌.షెనాయ్ ఒక్కరే ఇది ధరలు పెంచుతుందని 1955లో విడిగా అసమ్మతి పత్రం రాశారు.

లోటు ద్రవ్యం అంటే మన పుస్తకాల్లో ఉండే నాలుగు లైన్ల నిర్వచనం పక్కన పెట్టి, అది పనిచేసే తీరు చూద్దాం. మీ వాలెట్‌లో బ్యాలెన్స్ ఒక స్థాయి కంటే తగ్గగానే అదే నిండిపోయేలా ఆటో టాప్‌-అప్ పెట్టుకున్నారనుకోండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడిగేవాళ్లు లేరు, లిమిట్ లేదు. 1955 నుంచి కేంద్ర ప్రభుత్వానికి రిజర్వు బ్యాంకు దగ్గర దాదాపు ఇలాంటి ఏర్పాటే ఉండేది. ప్రభుత్వ ఖాతాలో కనీస నిల్వ తగ్గితే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు పుట్టేవి, రిజర్వు బ్యాంకు వాటిని తీసుకుని ఖాతా నింపేది. అలా కొత్త డబ్బు బజార్లోకి వచ్చేది. ఫ్యాక్టరీ, డ్యామ్ పూర్తయి సరుకు బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. కూలి డబ్బు, సిమెంటు డబ్బు మాత్రం ఈ నెలే చేతులు మారుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే ధరలు పెరుగుతాయి. మొదటి ప్రణాళిక ముగిసేసరికి ధరలు మొదలుపెట్టినప్పటికంటే తక్కువగా ఉంటే, రెండోది ముగిసేసరికి సుమారు 30 శాతం పెరిగాయి.

నిజం చెప్పాలంటే రంగా కాంగ్రెస్ వదిలింది ఈ లెక్క మీద కాదు, భూమి మీద. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహకార ఉమ్మడి వ్యవసాయం కావాలని తీర్మానించింది. రైతు చేతిలోంచి భూమి జారిపోతుందని రంగా అడ్డం తిరిగారు. ఆ ఏడాది రాజాజీ, మినూ మసానీ, కె.ఎం.మున్షీ లాంటి వాళ్లతో కలిసి స్వతంత్ర పార్టీ మొదలైతే దానికి అధ్యక్షుడు రంగా. దాదాపు పదేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. పార్టీ పెట్టుకున్న 21 సూత్రాల్లో ప్రభుత్వ ఖర్చులో పొదుపు, మితమైన పన్నులు, అతిగా లోటు ద్రవ్యం వద్దు, తీర్చలేనంత విదేశీ అప్పు వద్దు అనేవి ఉన్నాయి. అక్కడి నుంచి బడ్జెట్ వచ్చినప్పుడల్లా ఆ బెంచీల నుంచి ఇదే పాట. 1962లో తెనాలిలో ఓడిపోయారు, అదే ఏడాది చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి మళ్లీ సభకి వచ్చారు.

ఇక్కడ మీకో సందేహం రావాలి. నాకూ వచ్చింది. ధరలు పెరిగితే రైతుకి లాభమే కదా? ధాన్యానికి ఎక్కువ రేటు వస్తుంది కదా? రైతు నాయకుడు ద్రవ్యోల్బణానికి ఎందుకు ఎదురు తిరగాలి?

జవాబు ఆ కాలపు ధాన్యం నిబంధనల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్ బియ్యం మిగిలే రాష్ట్రం. 1957లో దక్షిణాది నాలుగు రాష్ట్రాల్ని ఒక బియ్యం జోన్‌గా చేశారు, 1964లో ఒక్కో రాష్ట్రాన్నీ ఒక్కో జోన్‌గా మార్చారు. అంటే బయట ఎక్కడో రేటు మండిపోతున్నా గుంటూరు రైతు సరుకు సరిహద్దు దాటదు. పైగా లెవీ కింద ప్రభుత్వం చెప్పిన ధరకి కొంత ఇవ్వాలి. రైతు అమ్మే సరుకు ధరకి మూత ఉంది, కొనే కిరోసిన్, గుడ్డ, ఇనుము, ఎరువుల ధరకి లేదు. చిన్న రైతు సంగతి ఇంకా అన్యాయం. కోతల్లో రేటు పడినప్పుడు అమ్ముతాడు, ఆరు నెలలయ్యాక తిండి గింజలకి అదే బజారుకి కొనడానికి వెళ్తాడు. 1930లలో ధరలు పడినప్పుడు నలిగింది ఈయనే, 1960లలో ధరలు పెరిగినప్పుడూ నలిగింది ఈయనే. తన రేటు తాను నిర్ణయించుకోలేనివాడు రూపాయి విలువ ఎటు కదిలినా దెబ్బ తింటాడు. రంగా ముప్ఫై ఏళ్ల అనుభవం ఇదే అని నాకు అర్థమైంది. ప్రభుత్వం లోటుతో తెచ్చే డబ్బు కూడా ఒక పన్నేననీ, సభలో ఎవరూ ఓటు వేయని పన్ను అనీ స్వతంత్ర వాదన సారం.

1963 బడ్జెట్ దగ్గర ఇది బాగా ముదిరింది. చైనా యుద్ధం అయింది, రక్షణ ఖర్చు అమాంతం పెరిగింది. ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ కొత్త పన్నులతో పాటు నిర్బంధ డిపాజిట్ పథకం తెచ్చారు. జీతగాళ్ల నుంచి భూమిశిస్తు కట్టే రైతుల దాకా ఎవరైనా కొంత మొత్తం ప్రభుత్వం దగ్గర జమ చేయాలి. జనం చేతిలో డబ్బు తగ్గితే ధరలు అదుపులో ఉంటాయన్నది ప్రభుత్వం లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు, ఎకనామిక్స్ పేపర్లో రాస్తే మార్కులు పడతాయి. కానీ పొదుపు మొదలు కావాల్సింది ప్రభుత్వం నుంచా, శిస్తు కట్టే రైతు నుంచా? స్వతంత్ర పార్టీ పట్టుకున్న పాయింటు ఇదే. ఆ ఆగస్టులో లోక్‌సభ చరిత్రలోనే మొదటి అవిశ్వాస తీర్మానాన్ని ఆచార్య కృపలానీ పెట్టారు, స్వతంత్ర దాన్ని సమర్థించింది. తీర్మానం వీగిపోయింది. అయితే ఆ ఏడాది ముగియకముందే ఆ డిపాజిట్ బాధ్యతని సామాన్య జనం మీద నుంచి తీసేశారు.

లోటు మాత్రం ఆగలేదు. మూడో ప్రణాళికలో 550 కోట్లు అనుకున్న లోటు ద్రవ్యం 1,133 కోట్లకి చేరింది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, వెంటవెంటనే రెండేళ్లు కరువు. ఓడల్లో అమెరికా గోధుమలు వస్తే తప్ప పూట గడవని పరిస్థితి. 1966 జూన్ 6న డాలరు రేటు 4.76 రూపాయల నుంచి 7.50కి మారింది. దేశంలో విలువ పోగొట్టుకున్న రూపాయి బయట పాత రేటు దగ్గర నిలబడలేకపోయింది. మూల్యహీనీకరణ అని మీ నోట్సులో ఉండేది ఇదే. ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో స్వతంత్ర 44 సీట్లతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం అయింది. రంగా ఈసారి శ్రీకాకుళం నుంచి గెలిచి వచ్చారు.

ఇంతవరకూ చదివి రంగా అన్నీ కరెక్టే అన్నారని అనుకుంటే పొరపాటు. నాగార్జునసాగర్ తీసుకోండి. 1955 డిసెంబరులో శంకుస్థాపన, 1967లో కాల్వలకి నీళ్లు. కుడి కాల్వ వెళ్లేది గుంటూరు జిల్లా పొలాల్లోకే, రంగా మనుషుల పొలాల్లోకే. ఆ డ్యామ్ కట్టింది ఆయన విమర్శించిన ప్రణాళికల డబ్బుతోనే. మన హైదరాబాద్‌నే చూడండి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఆ తర్వాత ఈసీఐఎల్, ఐడీపీఎల్. ఊళ్ల నుంచి వచ్చిన వేల కుటుంబాలు ఈ సంస్థల జీతాలతోనే మధ్యతరగతి అయ్యాయి. ప్రభుత్వం చేయి ముడుచుకుని ఉంటే ఇవేవీ లేవు. పైగా స్వతంత్ర పార్టీ వెనక సంస్థానాధీశులు, జమీందార్లు, పెద్ద వ్యాపారులు కూడా ఉన్నారు. ప్రభుత్వ ఖర్చు తగ్గాలని వాళ్లు అనడానికీ, రంగా అనడానికీ కారణాలు ఒకటే అని నేను అనుకోను. కానీ బెంచీ మాత్రం ఒకటే. భూమిలేని కూలీకి ఆ బెంచీ మీద పెద్దగా చోటు దొరకలేదన్నది నా అభిప్రాయం. ధరలు పెరిగితే అందరికంటే ముందు పస్తు పడుకునేది కూలీయే కదా.

ఇప్పుడు డీఏ దగ్గరికి వస్తా. మీరు కోరుకుంటున్న ఉద్యోగంలో ధరలు పెరిగితే జీతం కూడా కొంత పెరిగే ఏర్పాటు ఉంది. మీరు ఆ ఉద్యోగం కోరుకోవడానికి, మీ అమ్మానాన్న కోరుకోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో అదొకటి. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న ఈ రెండేళ్లు, మూడేళ్లు మాత్రం మీరు దాని బయట ఉన్నారు. ఇంటి నుంచి వచ్చే డబ్బు అంతే, స్టడీ హాల్ ఫీజు, మెస్ బిల్లు, నారాయణగూడ చౌరస్తాలో టిఫిన్ రేటు అంతే ఉండవు. మీ ఇంటి దగ్గర మీకు డబ్బు పంపే మనిషి ఏ రైతో, మెకానిక్కో, ప్రైవేటు స్కూల్ టీచరో అయితే ఆయనకీ డీఏ లేదు. రంగా మాట్లాడింది ఈ బయట ఉన్నవాళ్ల తరఫున. అయితే ఆయన కోరినట్టు ప్రభుత్వం ఖర్చు బాగా తగ్గించుకుంటే ముందు తగ్గేది పోస్టులే. అశోక్‌నగర్‌లో నిలబడి రంగాకి ఓటేయాలంటే చేయి వణుకుతుంది. ఆ వణుకు నాకు తెలుసు. నా ఎనిమిది నెలల్లో నేను పోస్టులు పెంచాలని కోరుకున్నా, ఫీజులు తగ్గాలని కూడా కోరుకున్నా. రెండూ ఒకే ఖజానాతో ముడిపడి ఉన్నాయని ఆలోచించలేదు.

రంగా కూడా ఈ ముడిలో చిక్కుకున్నవారే. సాగునీటి మీద, పంట ధరల మీద ప్రభుత్వం ఖర్చు పెట్టాలని అడిగిందీ ఆయనే, ఖర్చు తగ్గించమందీ ఆయనే. రైతు మీద పెట్టే ఖర్చు తిరిగి పంటగా వస్తుందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ డబ్బు అడిగే ప్రతివాళ్లూ అదే చెబుతారు.

చివరి భాగం నాకు కాస్త మింగుడుపడదు. 1971 ఇందిర గాలిలో రంగా ఓడిపోయారు, స్వతంత్ర 8 సీట్లకి కుదించుకుపోయింది. 1972 డిసెంబరులో రాజాజీ చనిపోయారు, 1974లో పార్టీయే కనుమరుగైంది. రంగా అప్పటికే తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. 1974లో టోకు ధరల ద్రవ్యోల్బణం 25 శాతం దాటితే, ఇందిరా గాంధీ ప్రభుత్వం జీతాల పెంపునీ, పెరిగిన డీఏలో సగాన్నీ ఉద్యోగుల చేతికివ్వకుండా నిర్బంధ డిపాజిట్‌లో వేసింది. పదకొండేళ్ల కిందట ఏ పథకాన్ని ఎదిరించారో దాదాపు అలాంటిదే, ఇప్పుడు తన సొంత పార్టీ చేతుల మీదుగా. ఆ సమయంలో ఆయన లోక్‌సభలో లేరు. 1977లో రాజ్యసభకి, తర్వాత 1980, 1984, 1989లో గుంటూరు నుంచి లోక్‌సభకి వెళ్లారు. 1980లలో కేంద్రం అప్పులు చేసి పెట్టిన ఖర్చంతా పాలక పక్షం బెంచీల నుంచే చూశారు.

1991లో తొంభై ఏళ్ల వయసులో పార్లమెంటు నుంచి తప్పుకున్నారు. అదే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. అదే ఏడాది దేశం దిగుమతులకి డాలర్లు లేక బంగారం తాకట్టు పెట్టింది, ద్రవ్యోల్బణం 17 శాతం దగ్గరికి వెళ్లింది. తీర్చలేనంత విదేశీ అప్పు వద్దని 1959లో రాసుకున్న సూత్రాన్ని అప్పటికి ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో. జులైలో మరో తెలుగాయన ప్రధానిగా ఉండగా లైసెన్సుల తలుపులు తెరిచారు. ఆ సభలో రంగా లేరు.

1995 జూన్‌లో ఆయన చనిపోయారు. మరుసటి ఏడాది రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక ఆ పేరు గుంటూరు దగ్గర లాంకి వెళ్లింది, ఇక్కడి వర్సిటీకి ప్రొఫెసర్ జయశంకర్ పేరు వచ్చింది. మీ సీనియర్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చేసినవాళ్లుంటే అడగండి, పాత సర్టిఫికెట్ల మీద రంగా పేరే ఉంటుంది.

ఇక ఆ ఆటో టాప్‌-అప్ సంగతి. అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల్ని ఆపేయడానికి ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు 1994లో ఒప్పందం చేసుకున్నాయి. 1997 ఏప్రిల్ 1 నుంచి అవి పూర్తిగా పోయాయి. వాటి స్థానంలో పరిమితి ఉన్న తాత్కాలిక అడ్వాన్సులు వచ్చాయి. మన పుస్తకాల్లో పాత బడ్జెట్ లోటు అనే మాట వెనక్కి వెళ్లి ద్రవ్యలోటు ముందుకి రావడానికి కారణం ఇదే, ప్రిలిమ్స్‌లో అడిగే అవకాశం ఉంది. రంగా పోయి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.